నీళ్ళ గుట్ట మీద మూడు కంచాలు

నా మొగుడికి ఇంకో ఆడది ఉండి ఉంటే నాకు ఇంత కడుపు మండేది కాదు. ఆమె ఇంటి ముందుకు పోయి నిలబడి, నోటికొచ్చినంత తిట్టి, నలుగురినీ పోగేసి, మనసు చల్లబరుచుకుని వచ్చేదాన్ని. నాకు ఆ అదృష్టం కూడా లేకపోయింది. నాకు దాపురించిన సవతి మీసాలున్న మగమనిషి. ముందుకొచ్చిన పొట్ట, వెనక్కి పోయిన జుట్టు. ఆదివారం చర్చిలో డోలక్ కొడతాడు. పైగా నన్ను నోరారా చెల్లె అని పిలుస్తాడు. చెల్లె అని పిలిచేవాణ్ణి తిట్టడానికి నోరెలా వస్తుంది చెప్పండి!

నేను ఆయన్ని అన్న అంటాను కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను. అన్నది కాగజ్‌నగర్. పేపరు మిల్లులో పని. మిల్లు మూతపడ్డ రోజుల్లో బతుకుతెరువు వెతుక్కుంటూ మా హుజూరాబాద్ వచ్చి, మా ఆయన మోటార్ వైండింగ్ షాపులో చేరాడు. బావుల కాడ, బోర్ల కాడ కాలిపోయిన మోటార్లు రైతులు తెచ్చి పడేస్తే, లోపలి మాడిన తీగంతా పీకేసి, కొత్త రాగితీగ కాయిళ్ళు చుట్టి, సందుల్లోకి ఒక్కొక్కటే వేళ్ళతో దించి బతికించడం మా షాపు పని. మా ఆయన చేతిలో పడ్డ మోటారు మళ్ళీ ఇప్పట్లో కాలదని రైతుల్లో పేరు. అన్నకు ఆ పని ఆయనే నేర్పాడు. మిల్లు మళ్ళీ తెరిచాక అన్న వెళ్ళిపోయాడు. పీడ వదిలింది అనుకున్నాను. వదల్లేదు, ఫోన్లోకి ఎక్కి కూర్చుంది.

మా ఆయన సంగతి చెప్పాలి. ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ. ఊ అంటే అవునని, ఊహూ అంటే కాదని, దగ్గితే చాయ్ కావాలని. పిల్లలు హైదరాబాద్‌లో చదువులకు పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అంటే నేనూ, నా గొంతూ. కానీ పొద్దుగూకే వేళ అన్న ఫోన్ వచ్చిందంటే మా ఆయన డాబా ఎక్కేవాడు. ఇక పైనుంచి ఒకటే నవ్వులు. నేను కింద గిన్నెలు తోముతూ ఆ నవ్వు వినేదాన్ని. నాతో ఎప్పుడైనా అట్లా నవ్వాడా అని గుర్తు చేసుకుంటూ ఒకే గిన్నెను అరిగేదాకా తోమేదాన్ని.

వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. అసలు ఆ వరస ఎట్లా కలిసింది? అన్న నన్ను చెల్లె అన్నాడు కాబట్టి కలిసింది. నా వల్ల చుట్టరికం కట్టుకుని, నన్ను గడప కాడ వదిలేసి వాళ్ళిద్దరూ లోపలికి పోయి తలుపేసుకున్నారు.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఆ గుట్ట. కాగజ్‌నగర్ అవతల అడవిలో ఒక ప్రాజెక్టు ఉంది. కట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు చుట్టూ ఉన్న నేలంతా మునిగి, ఒక గుట్ట నెత్తి మాత్రం పైన మిగిలింది. అన్న దాన్ని నీళ్ళ గుట్ట అంటాడు. వానాకాలం కోతలు అయిపోయి, యాసంగి నాట్లకు మోటార్లు మళ్ళీ తిరగడం మొదలయ్యేలోపు మా షాపుకు కాస్త తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో ఏటా మా ఆయన అక్కడికి పోతాడు. ఇద్దరూ ఆ గుట్ట మీద గుడారం వేసుకుని ఉండి వస్తారు. కరెంటు లేదు, ఫోను పలకదు, మనిషన్నవాడు కనపడడు.

"గాడ ఏమున్నదయ్యా?" అని ఒకసారి అడిగాను.

"ఏముంటది, నీళ్ళు."

"మరి ఏం చేస్తరు?"

"ఏం చేస్తం, ఉంటం."

గంతే! ఈ జవాబుకు ఒళ్ళు మండదా? నాతో ఇంట్లో ఉంటే ఉన్నట్టు కాదా? తిరిగొచ్చినప్పుడు బట్టలనిండా పొగ వాసన, ముఖంలో ఏదో వెలుగు. ఆ వెలుగు కొన్నాళ్ళుండి పోయేది. నేను పండగకు కొత్త చీర కట్టుకున్నా రాని వెలుగు అది.

తర్వాత ఒక ఫొటో చూశాను. అన్న పంపింది, మా ఆయన ఫోన్లో ఉంది. పొయ్యి ముందు మా ఆయన గరిటె పట్టుకుని కూర్చున్నాడు. వంట చేస్తున్నాడు! మా ఇంట్లో చాయ్‌పత్తా డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి! ఇంకో ఫొటోలో ఇద్దరి మధ్య నేల మీద ఇత్తడి తాంబాళం, దాంట్లో అన్నం కుప్ప, దాని మీద చేపల కూర. ఇద్దరూ ఎదురెదురుగా వంగి అదే తాంబాళంలో కలుపుకుని తింటున్నారు. వాళ్ళను నీళ్ళు దాటించే మనిషెవరో తీసి ఉంటాడు ఆ ఫొటో. వాడి చేతులు పడిపోను, ఎంత బాగా తీశాడో!

ఒకే పళ్ళెంలో తినడం అనేది నా జన్మలో ఒక్కసారే జరగాల్సింది, అదీ జరగలేదు. పెళ్ళినాడు బువ్వబంతిలో మా ఇద్దరికీ ఒకే పళ్ళెం పెట్టి తినమని కూర్చోబెట్టారు. చుట్టూ వదినలు, మరదళ్ళు చేరి ఒకటే ఎకసెక్కాలు. సిగ్గుతో నేను వేలు కూడా పెట్టలేదు. ఆకలితో లేచాను. పెళ్ళయ్యాక మా ఇళ్ళలో పద్ధతి తెలిసిందే. మొగుడికి కంచంలో పెట్టి చేతికివ్వాలి, మారు వడ్డించాలి, ఆయన లేచాక మనం కూర్చోవాలి. ఆ బువ్వబంతి పళ్ళెం మళ్ళీ నా ముందుకు రాలేదు. వచ్చి ఉంటే ఈసారి సిగ్గుపడకుండా తినేదాన్ని. అది కాస్తా పోయి పోయి అడవిలో, ఆ మీసాల మనిషి ముందు తేలింది.

పోయిన ఏడాదిగా ఇంకో బాధ మొదలైంది. మా ఆయన నన్ను వడ్డించనీయడం మానేశాడు. "నువ్వు తిని పండుకో, నేను పెట్టుకుంట తియ్" అనేవాడు. నేను పక్కకు పోయాక టీవీ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి తినేవాడు. షాపులో కాయిళ్ళు చుట్టడానికి వేరే మనిషిని పెట్టి, తాను గల్లా ముందు కూర్చున్నాడు. "అబ్బో, సేటువయ్యావే!" అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. మధ్యలో ఒకసారి సామాను కోసమని వరంగల్ బయల్దేరితే, తోడుగా అన్న కాగజ్‌నగర్ నుంచి పనిగట్టుకుని వచ్చాడు. తీగచుట్ట మోయడానికి ఇద్దరు మగాళ్ళు కావాలా? ఈ మనిషి నానుంచి జారిపోతున్నాడని అప్పుడే గట్టిగా అనిపించింది. పట్టుకోవాలి, ఎట్లాగైనా పట్టుకోవాలి అనుకున్నాను.

అందుకే మొన్న చలికాలం మొదట్లో, మా ఆయన సంచీ సర్దుకుంటుంటే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఈసారి నేను గూడ వస్త."

"యాడికి?"

"నీ గుట్టకు."

ఆయన చేతిలో లుంగీ అట్లాగే ఉండిపోయింది. "గాడ ఏముండదే. బాత్రూం ఉండదు. తాటిపత్రి కింద పండాలె."

"నేను పుట్టిన్నాడు మా ఇంట్ల బాత్రూం ఉన్నదా? గవి చూపెట్టకు నాకు."

"పులి తిరుగుతున్నదట గా దిక్కు."

"తిరగనీ. నిన్ను తింటదో, నన్ను తింటదో, ఎవరు రుచిగున్నరో అదే చెప్తది."

మా ఆయన లుంగీ సంచీలో కుక్కాడు. అన్నకు ఫోన్ చేశాడు. మొదట అటునుంచి పెద్ద నవ్వు వినపడింది. "తోల్కరా బావా, చెల్లె వస్తే జర మంచి తిండన్న దొరుకుతది!" అంతలోనే ఆ గొంతు తగ్గింది. మా ఆయన మూలకు తిరిగి చాలాసేపు ఊ కొట్టాడు. నా మొగుడితో నేను ప్రయాణం చేయడానికి మధ్యలో ఈ మంతనాలేంటో నాకు అర్థం కాలేదు. పళ్ళు నూరుకుంటూ సంచీ సర్దాను.

ఆ గుట్టకు బియ్యం, ఉప్పు, కారం, నూనె, అగ్గిపెట్టె తప్ప ఏమీ తీసుకుపోకూడదని వాళ్ళ కట్టుబాటు. మిగిలింది నీళ్ళే ఇస్తాయట. వాళ్ళ కట్టుబాటు వాళ్ళది. నేను సకినాలు పెట్టాను, చింతపండు, ఉల్లిగడ్డలు, వేయించి దంచిన నువ్వుల పొడి పెట్టాను, పచ్చిపులుసు కోసం. మా ఆయనకు పచ్చిపులుసంటే ప్రాణం. అడుగున, చీరలో చుట్టి, మూడు స్టీలు కంచాలు పెట్టాను. అవి మా అవ్వ నాకు పెళ్ళికి పెట్టినవి, వాటి మీద మా పేర్లు కొట్టించి ఇచ్చింది. మా ఆయన పేరున్నది ఒకటి, నా పేరున్నది ఒకటి, పేరు లేనిది ఒకటి. ఆ తాంబాళం ఎట్లా బయటికొస్తుందో చూస్తాను అనుకున్నాను.

జమ్మికుంటలో రైలెక్కి కాగజ్‌నగర్‌లో దిగాం. అన్న స్టేషన్‌కు వచ్చాడు, నా సంచీ అందుకున్నాడు. "ఇంత బరువేంది చెల్లె, ఇల్లు మొత్తం పట్టుకొచ్చినవా?" అన్నాడు. ఆయన ఇంటామె సర్కారు దవాఖానాలో నర్సు, డ్యూటీకి పోయిందట. పోతూ పోతూ నాకోసం ఒక ఉన్ని రుమాలు పంపింది, చెవులకు కట్టుకోమని. ఆటోలో అడవి గుండా ప్రాజెక్టు దాకా పోయాం. అక్కడ చేపలు పట్టే ఒకాయన ఎరువుల సంచుల్లో థర్మాకోల్ కుక్కి కట్టిన తెప్ప మీద మమ్మల్ని గుట్ట కాడ దింపి, మర్నాడు పొద్దున వస్తానని చెప్పి పోయాడు.

తెప్ప ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అన్న మా ఆయన రెక్క పట్టుకున్నాడు. కొత్త పెళ్ళికూతుర్ని కారులోంచి దింపినంత అపురూపంగా! నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, సంచీ చంకనేసుకుని, నడుముదాకా తడిసి దిగాను. నన్నెవరూ పట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ చోటు బాగుంది. బాగుండడం వల్ల నాకు ఇంకా మండింది. నాలుగు టేకు చెట్లు, మోదుగ పొదలు, ఏనుగంత రాళ్ళు. నీళ్ళల్లో మునిగి చచ్చిన చెట్ల మోళ్ళ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళ అవతల అడవి. ఒక్క మోటారు చప్పుడు లేదు. మా ఆయన గట్టు మీద నిలబడి ఛాతీనిండా గాలి పీల్చి, నావైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు.

"గా మోడు మీద ఒక గద్ద ఉంటదే. మనం వచ్చినట్టు దానికి ఎర్క. గీ రాయి జూడు, గిది నా కుర్చీ. గా మూలకు నీళ్ళు లోతు, గాడనే చేప ఉంటది. పొద్దుగూకేటప్పుడు చూడాలె నువ్వు, నీళ్ళు మొత్తం కుంకుమ లెక్క ఐతయి."

నేను నోరు తెరుచుకుని చూశాను. ఇన్ని మాటలా! ఇంతకాలం ఎక్కడ దాచాడు ఇవన్నీ? మా ఇంటి డాబా మీదా పొద్దు గూకుతుంది, అక్కడా కొబ్బరిచెట్టు మీద ఏదో పిట్ట వాలుతుంది, ఒక్కనాడైనా నన్ను పిలిచి చూపించాడా? ఆ మాటలు నాతోనే అంటున్నాడు, నిజమే. అయినా ముందు ఎవరితో అన్నాడో తెలుసు కాబట్టి ఎంగిలి మాటల్లా వినపడ్డాయి.

ఇద్దరూ గుడారం కట్టారు. గుడారమంటే వడ్లు ఆరబోసే తాటిపత్రి, రెండు కర్రలు, కాస్త తాడు. మా ఆయన కర్రను రెండు చేతులతో బిగించి పట్టుకుని నిలబడితే, ముడులన్నీ అన్నే వేశాడు. అగ్గి అన్నే అంటించాడు. గాలానికి ఎర అన్నే గుచ్చి, కట్టె మా ఆయన చేతికిచ్చాడు. చాయ్ పెట్టి నాకు నిండా పోశాడు, మా ఆయనకు సగం గ్లాసే పోసి, అయిపోయాక మళ్ళీ సగం పోశాడు. నేను ఏదైనా పని అందుకోబోతే, "నువ్వు కూసో చెల్లె, చుట్టానివి" అన్నాడు. నా మొగుడి దగ్గర నేను చుట్టాన్నట! ఈయన ఇంటి మనిషట! రాయి మీద కూర్చుని సకినం కొరికితే పళ్ళు కదిలినంత పనైంది.

చేపలు పడ్డాయి. అన్న పొలుసు గీకి కోస్తే, మా ఆయన పొయ్యి ముందు కూర్చుని పెద్ద గరిటెతో కూర కలిపాడు. మంట వెలుగులో ఆ ముఖం ఎంత నిమ్మళంగా ఉందో! నేను కసిగా చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపి, నువ్వుల పొడి చల్లి పచ్చిపులుసు చేశాను. ఈ ఒక్కటైనా నాది అనుకున్నాను.

పురుగూ పుట్రా తిరిగే చోటు కాబట్టి వెలుతురు ఉండగానే తింటారు వాళ్ళు. అన్న తాంబాళం తెచ్చి కడిగి నేల మీద పెట్టాడు. నేను ఆ క్షణం కోసమే హుజూరాబాద్ నుంచి వచ్చాను. సంచీలోంచి కంచాలు తీశాను.

"గా తాంబాళం పక్కకు పెట్టున్రి. ఎవలి తల్లె వాళ్ళకు తెచ్చిన."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "గీడ గిదే అలవాటు చెల్లె," అన్నాడు అన్న. "నువ్వు తల్లెల తిను. మేము గీ తాంబాళంలనే..."

"గీడి అలవాట్లు నాకు తెల్వయి అన్నా. మా ఇంటాయనకు తల్లెల పెట్టి చేతికిచ్చుడు నా అలవాటు."

మా ఆయన పోయి, తన కుర్చీ అన్నాడే, ఆ రాయి మీద కూర్చున్నాడు. నేను ఆయన పేరున్న కంచంలో అన్నం పెట్టాను, చేప ముక్కలు వేశాను, పక్కన గుంట చేసి పచ్చిపులుసు అంచుదాకా పోశాను. ఎంత ప్రేమ ఉంటే అంత పులుసు. తీసుకుపోయి ఎడమ చేతిలో పెట్టాను.

ముందు ఒక చప్పుడు వినపడింది. టకటకటకమని, సన్నగా. ఎక్కణ్ణుంచో అర్థం కాలేదు. మా ఆయన వేలి ఉంగరం కంచం అడుగున కొట్టుకుంటోంది. కంచం వణుకుతోంది. పులుసు అంచు దాటి మణికట్టు మీదుగా కారుతోంది. రెండో చెయ్యి సాయం పెట్టబోయాడు, అది ఇంకా ఎక్కువ వణికింది. కంచం ఒంగింది. లుంగీ మీద, కాళ్ళ మీద, రాళ్ళ మీద అన్నం, పులుసు. కంచం గిరగిర తిరిగి బోర్లా పడింది.

నేను చూసింది ఇంకొకటి ఉంది. కంచం ఒంగకముందే అన్న చెయ్యి దానికోసం పోయింది. నాకు చప్పుడేంటో కూడా తెలియని సమయానికి ఆయనకు ఏం జరగబోతుందో తెలుసు. అందలేదు, అంతే.

సగం సగం పోసిన చాయ్ ఎందుకో, ముడులన్నీ అన్న ఎందుకు వేశాడో, టీవీ వైపు తిరిగి ఎందుకు తింటాడో, కాయిళ్ళకు వేరే మనిషి ఎందుకో, వరంగల్‌కు ఇద్దరు ఎందుకో, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. కానీ అన్నిటికంటే ముందు నా నోట్లోంచి వచ్చింది ఏంటో తెలుసా? మొగుడికి ఏమైందని కాదు.

"నీకెప్పుడు తెలిసింది అన్నా?"

అన్న నీళ్ళవైపు చూశాడు. "పోయినసారి గీడనే చూసిన. గాలం ముడి వెయ్యరాలే బావకు."

"ఏడాదా!"

"చెల్లెకు చెప్పు బావా అని మస్తుసార్లు చెప్పిన చెల్లె. మా ఇంటామె గూడ చెప్పింది. ఆమెనే డాక్టర్‌ను దేవులాడింది, వరంగల్‌ల."

అంటే ఆమెకూ తెలుసు. చెవులకు రుమాలు పంపిన ఆమెకు తెలుసు. కాగజ్‌నగర్ అంతటికీ తెలిసింది, పక్కలో పడుకునే నాకు తెలియదు. "మంచిగున్నది! చాన మంచిగున్నది! నా మొగన్ని మీరు మీరు పంచుకున్నరు, నాకు సకినాలు మోసే పని ఇచ్చిండ్రు!" అని అరిచాను. నా అరుపుకు మోడు మీది నీటికాకులు లేచిపోయాయి.

అలిగి అక్కణ్ణుంచి విసవిసా నడిచాను. అలిగి ఎంత దూరం పోతాను? చుట్టూ నీళ్ళు. రాళ్ళు ఎక్కి దిగి, చీరకు ముళ్ళు తగిలించుకుని, గుట్ట చుట్టూ తిరిగి చివరికి మళ్ళీ ఆ పొయ్యి దగ్గరికే వచ్చాను. అన్న లేడు, అవతల గిన్నెలు కడగడానికి పోయాడు. మా ఆయన ఆ రాయి మీదే ఉన్నాడు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని. చలికి పెట్టుకున్నాడని ఇంతకాలం అనుకున్నాను కదా అలా కూర్చుంటే! నీళ్ళు ఆయన చెప్పినట్టే కుంకుమ రంగులో ఉన్నాయి.

"డాక్టర్ ఏమన్నడు?" అన్నాను, దూరంగానే నిలబడి.

"నరాలదట. గోలీలు ఇచ్చిండు."

"యాడున్నయి గోలీలు?"

"షాపుల. గల్లా పెట్టెల."

"తక్కువైతదా?"

"పోదన్నడు. పెరగకుంట చూద్దామన్నడు." చంకల్లోంచి చేతులు తీయకుండానే, "కాయిల్ దించరాదు ఇగ" అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"బావ చూసి ఊకున్నడే. మల్ల గా ముచ్చట తియ్యలే. తాంబాళం తెచ్చి కింద పెట్టిండు, ఇద్దరం కలిసి తింటుంటే ఎవలి మెతుకులు పడ్డయో ఎవల్కి తెల్వది. నువ్వు చూస్తే ఊకోవు. తెల్లారి లేస్తే నా ముఖం చూడవు, నా చేతులే చూస్తవు."

ఆ మాట అనేటప్పటికి నేను ఆయన చేతులనే చూస్తున్నాను. గబుక్కున కళ్ళు తిప్పుకున్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. డాబా మీది నవ్వు కాదు, ఇంకేదో. అయినా నాతో నవ్వాడు.

"ఏడుస్తున్నవా?"

"నేనెందుకు ఏడుస్త? పొగ!" అన్నాను. పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

ఆ పూట నేను తినలేదు. అన్న బతిమాలాడు, ముఖం తిప్పుకున్నాను. మొగుడి మీద కోపం సగమైంది కానీ అన్న మీద కోపం పిసరంత కూడా తగ్గలేదు. ఆయన చేసిన తప్పేంటి అంటే చెప్పలేను. నేను చేయాల్సింది ఆయన చేశాడు. నేను పట్టుకోవాల్సిన రెక్క పట్టుకున్నాడు. అదే నా కోపం. మందు రాసే చెయ్యి మీద కూడా కుళ్ళుకుంటారా అంటే, కుళ్ళుకుంటారు. నేను కుళ్ళుకున్నాను. తాటిపత్రి కింద ఇద్దరి మధ్య మా ఆయన పడుకుంటే, అటు అన్న గురక, ఇటు నా నిట్టూర్పులు.

పొద్దున లేచి నీళ్ళ దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి మంచు తెరలు తెరలుగా లేస్తోంది. అన్న రాత్రి మిగిలిన అన్నం తాంబాళంలో వేసి, నా పచ్చిపులుసంతా వంచి, చేప ముక్కలు అటూ ఇటూ సర్ది నేల మీద పెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మా ఆయన ఇంకా చెయ్యి పెట్టలేదు. నావైపు చూడలేదు కానీ నేను ఎక్కడున్నానో ఆయన వీపుకు తెలుసు.

నేను పోయి అన్న పక్కన నిలబడ్డాను.

"అన్నా, జర జరుగు."

అన్న తలెత్తి చూశాడు. కాస్త పక్కకు జరిగాడు.

"ఇంక జరుగు. గది నా జాగ."

నా ముఖంలో ఏం కనపడిందో, అన్న జరగడం కాదు, లేచి నిలబడ్డాడు. నా సంచీ పక్కనున్న పేరు లేని కంచం తీసుకుని, అందులో రెండు గరిటెల అన్నం పెట్టుకుని, పోయి నీళ్ళ పక్కన రాయి మీద అటు తిరిగి కూర్చున్నాడు.

నేను ఆ జాగలో మఠం వేసుకుని కూర్చున్నాను. తాంబాళంలో చెయ్యి పెట్టాను. చుట్టూ నవ్వే వదినలు లేరు. మా ఆయన చెయ్యి కూడా వచ్చింది, వణుక్కుంటూ. ముద్ద సగం దారిలో చెదిరి తాంబాళంలోనే పడింది, మిగిలింది నోటికి చేరింది. నేను చేతులు చూడలేదు, ముఖమే చూశాను. నా చేతిలోంచి కూడా కొన్ని మెతుకులు రాలనిచ్చాను. ఆయన అది కనిపెట్టాడు. "నీకు కూడ వచ్చిందా ఏందే?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఈసారి అది డాబా మీది నవ్వే.

ఆ నవ్వుకు అన్న తల కొంచెం ఇటు తిరిగి మళ్ళీ అటే తిరిగింది. భుజాలు ముందుకు వంచుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కడే నెమ్మదిగా తింటున్నాడు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. డాబా కింద గిన్నెలు తోముతూ నేను అట్లాగే కూర్చునేదాన్ని.

పిలుద్దామనుకున్నాను. తాంబాళం పెద్దదే, ముగ్గురికీ చోటుంది. పిలిచాను కూడా. ఇంకో నాలుగు ముద్దలు తిన్న తర్వాత పిలిచాను.